ఎస్ప్రెస్సో మెషీన్ ఏ రకం తీసుకోవాలి, బోరు నీళ్లున్న ఇంట్లో దాన్ని ఎలా కాపాడుకోవాలి?

#1 బోరునీళ్లబాధ

అందరికీ నమస్కారం. ఇత్తడి ఫిల్టర్ నుంచి ఎస్ప్రెస్సో వైపు మళ్లుదామని ఆలోచన. రోజుకి నాలుగు కాఫీలు, అందులో మూడు పాలతోనే. షాపులో చూసినవాటిలో ఒకదాని మీద 15 బార్ అనీ, ఇంకోదాని మీద 20 బార్ అనీ ఉంది. మూడోదాని మీద ఏ అంకే లేదు గానీ ధర మాత్రం రెట్టింపు. తేడా ఏమిటండీ అంటే అమ్మేవాళ్లే నీళ్లు నమిలారు.

మాది హైదరాబాద్ శివార్లలో అపార్ట్‌మెంట్. బోరు నీళ్ల టీడీఎస్ 620, ఆర్వో నుంచి వచ్చేవి 35. ఏ రకం మెషీన్ తీసుకోవాలి, దాని ఆలనాపాలనా ఎంత ఉంటుంది, కాస్త విడమరిచి చెప్పగలరు.

#2 తొమ్మిదిబార్లు

బార్ అంటే ఒత్తిడి కొలత, ఆ అంకె ముందు పక్కన పెట్టండి. చూడాల్సినవి రెండే: ఒత్తిడి ఎక్కణ్ణుంచి పుడుతోంది, నీళ్లు ఎక్కడ కాగుతున్నాయి. మెషీన్ రకం, ధర, రేపు వచ్చే రిపేరు అన్నీ ఈ రెంటి మీదే ఉంటాయి.

అన్నిటికంటే చవకవి ఆవిరి మెషీన్లు. పంపు ఉండదు. మూత బిగించిన చిన్న బాయిలర్‌లో నీళ్లు మరిగి, ఆ ఆవిరే నీళ్లని పొడిలోంచి తోస్తుంది. ఒత్తిడి ఒకటిన్నర, మహా అయితే మూడు బార్లు. లుయీజీ బెజ్జెరా 1901లో మిలాన్‌లో పేటెంట్ తీసుకున్న మెషీన్ కూడా ఆవిరి బలం మీద నడిచిందే. దాని కాఫీ మీద క్రెమా (బంగారు రంగు చిక్కటి నురగ) లేదు, దీని మీదా ఉండదు. చిక్కటి డికాషనే కావాలంటే మోకా పాట్ చాలు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అకీల్లే గాజియా స్ప్రింగు లీవర్‌తో 8, 9 బార్లు పుట్టించాకే క్రెమా కప్పులోకి వచ్చింది. 1961లో ఫాయెమా కంపెనీ ఈ61 మెషీన్ ఆ లీవర్ పనిని కరెంటు పంపుకి అప్పగించింది. ఇవాళ్టి ఇంటి మెషీన్లలో ఎక్కువ భాగం ఆ దారిలోవే.

థర్మోబ్లాక్: లోహపు దిమ్మ, దానిలో మెలికలు తిరిగిన సన్నటి దారి. నీళ్లు పోతూ పోతూ కాగుతాయి. డెలోంగి డెడికా ఈ కోవలోది. బ్రెవిల్ బాంబినోలో ఉన్న థర్మోజెట్ ఇంకా చురుకు, మూడు సెకన్లలో సిద్ధం. కరెంటు ఆదా, చోటు ఆదా. కానీ ఆ సన్న దారిలో ఉప్పు కట్టిందంటే లోపలికి చెయ్యి పెట్టే వీలు లేదు.

సింగిల్ బాయిలర్: గాజియా క్లాసిక్, రాంచిలియో సిల్వియా. ఒకే బాయిలర్ కాఫీకి 93 డిగ్రీల దగ్గర, ఆవిరికి 140 పైన పనిచేయాలి. అందుకని కాఫీ దింపాక స్టీమ్ స్విచ్ వేసి ఆగాలి, పాలయ్యాక మళ్లీ చల్లార్చాలి. అల్యూమినియం బాయిలర్ ఉన్న క్లాసిక్‌లో పట్టేది సుమారు 100 మిల్లీలీటర్లు, సిల్వియా ఇత్తడి బాయిలర్‌లో 300. అందుకే సిల్వియా వేడెక్కడం నిదానం, వేడి నిలకడ ఎక్కువ. రెండిట్లోనూ ప్రతి ముక్కా విప్పి మార్చుకోవచ్చు.

హీట్ ఎక్స్ఛేంజర్: ఆవిరి కోసం ఒక పెద్ద బాయిలర్, దాని కడుపులోంచి వెళ్లే విడి గొట్టంలో కాఫీ నీళ్లు. పాలు, కాఫీ ఒకేసారి అవుతాయి. డ్యూయల్ బాయిలర్ అయితే రెండు పనులకీ రెండు బాయిలర్లు, వేడి ఎంతుండాలో అంతే పెట్టుకోవచ్చు. రెండూ బరువు, రెండూ ఖరీదు. గ్రూప్ హెడ్ (హ్యాండిల్ బిగించే, కాఫీ నీళ్లు దిగే లోహపు భాగం) పూర్తిగా వేడెక్కడానికి అరగంట పడుతుంది.

మూడు పాల కాఫీలు వరసగా చేస్తారా, విడివిడిగానా? వరసగా అయితే సింగిల్ బాయిలర్‌తో విసుగొస్తుంది.

#3 ఓరుగల్లు_క్రెమా

15 బార్ ముచ్చట నేను చెప్త. పంపుకు ముందర దారి మొత్తం మూసేస్తే అది ఎంత జోరుగ నూకగలదో గదే 15. కాఫీ మీద పడేది గది కాదు. కాఫీకి కావల్సింది 9 దగ్గర్ల. మిగిలిన ఒత్తిడిని ఓపీవీ అని ఒక స్ప్రింగు వాల్వ్ వెనక్కి ట్యాంకులకు మళ్లిస్తది. 20 బార్ అని రాసినంత మాత్రాన కాఫీ మంచిగ రాదు. గాజియా క్లాసిక్ పాత మోడళ్లల్ల ఈ వాల్వ్‌ను 9 కన్న ఎక్కువకే పెట్టి పంపేటోళ్లు, అందుకే అందరు చిన్న స్ప్రింగు వేసి 9కి దించుకుంటరు.

ఇంకోటి, బాస్కెట్ (హ్యాండిల్‌ల కూసునే, పొడి పోసే చిల్లుల గిన్నె) తిప్పి అడుగు చూడున్రి. కింద సూది మొనంత ఒక్కటే చిల్లు ఉంటె అది ప్రెషరైజ్డ్ బాస్కెట్. పొడి ఎట్లున్నా ఆ చిల్లుల్నుంచి నురగ కొడ్తది, గది క్రెమా కాదు. అడుగంత చిల్లులుంటె మామూలు బాస్కెట్. దానికి మంచి గ్రైండర్ లేకుంటె పని కాదు. బడ్జెట్ల సగం గ్రైండర్‌కు తీసిపెట్టున్రి.

#4 బోరునీళ్లబాధ

వరసగానే, పొద్దున ఏడింటికి మూడూ ఒకేసారి. తొమ్మిదిబార్లు గారూ, ఓరుగల్లు అన్నా, ఇద్దరికీ థాంక్స్. ఆర్వో నీళ్లు 35 ఉన్నాయి కదా, ఉప్పు బెడద తప్పినట్టేనా?

#5 నీళ్లపంతులు

ఉప్పు బెడద తప్పుతుంది, ఇంకో బెడద మొదలవుతుంది.

ముందుగా టీడీఎస్ (కరిగిన లవణాలన్నిటి లెక్క) వేరు, నీళ్ల గడుసుదనం (కఠినత్వం) వేరు. టీడీఎస్ మీటరు నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో కొలిచి అంకె వేస్తుంది. అందులో మామూలు ఉప్పు ఎంతో, కాల్షియం ఎంతో దానికి తెలియదు. బాయిలర్‌లో తెల్లగా గట్టిపడేది కాల్షియం కార్బొనేటు, అంటే గీజర్ రాడ్డు మీద కట్టేదే. దాన్ని కొలవాలంటే అక్వేరియం షాపులో దొరికే జీహెచ్ (గడుసుదనం), కేహెచ్ (క్షారత) చుక్కల కిట్ కొనండి. 5 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్కో చుక్క వేస్తూ రంగు మారేదాకా లెక్కపెట్టాలి. ఒక చుక్కకి 17.9 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు). మీ బోరు నీళ్లకి 20 చుక్కలు పడితే గడుసుదనం 358. అలాంటి నీళ్లు థర్మోబ్లాక్‌లో పోస్తే నెలల్లోనే దారి మూసుకుపోతుంది.

ఇక 35 టీడీఎస్ నీళ్ల సంగతి. అందులో క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) దాదాపు లేనట్టే. పీహెచ్ కిందికి జారుతుంది, ఇత్తడినీ రాగినీ మెల్లగా తినడం మొదలెడుతుంది. రెండో ఇబ్బంది హీట్ ఎక్స్ఛేంజర్, డ్యూయల్ బాయిలర్ మెషీన్లలో. బాయిలర్ నిండిందో లేదో చూసే ప్రోబ్ నీళ్లలో కరెంటు పారితేనే పసిగడుతుంది. నీళ్లు మరీ పలచనైతే దానికి నీళ్లు కనపడవు. పంపు ఆగకుండా నింపుతూనే ఉంటుంది, చివరికి స్టీమ్ గొట్టంలోంచి వేడి నీళ్లు పొర్లుతాయి.

మందు వంటింట్లోనే ఉంది. తినే సోడా (బేకింగ్ పౌడర్ కాదు, అట్ట మీద సోడియం బైకార్బొనేట్ అని ఉండాలి) 8.4 గ్రాములు తూచి ఒక లీటరు ఆర్వో నీళ్లలో కలిపి సీసాలో పెట్టుకోండి. ఇది మూల ద్రావణం. మెషీన్‌లో పోసే ప్రతి లీటరు ఆర్వో నీళ్లకి దీన్లోంచి 10 మిల్లీలీటర్లు, అంటే 84 మిల్లీగ్రాముల సోడా. క్షారత 50 పీపీఎం పెరుగుతుంది. కాల్షియం లేదు కాబట్టి ఉప్పు కట్టదు, క్షారత ఉంది కాబట్టి లోహం తినదు, ప్రోబ్‌కీ కనపడుతుంది. పొటాషియం బైకార్బొనేట్ దొరికితే 10 గ్రాములకి లీటరు చొప్పున కలిపి అదే 10 మిల్లీలీటర్లు వాడండి, రుచి ఇంకొంచెం బాగుంటుంది.

సీసా మీద చీటీ అంటించండి. మంచినీళ్లనుకుని ఎవరైనా తాగితే ఆ మొహం చూడలేం.

#6 మీగడతరక

పంతులు గారూ, మా ఆర్వోలో టీడీఎస్ కంట్రోలర్ స్క్రూ ఉంది. దాన్ని తిప్పి 150కి పెట్టుకుంటే సరిపోదా? స్పెషాల్టీ కాఫీ వాళ్లు చెప్పే అంకె అదే కదా.

#7 నీళ్లపంతులు

మీగడతరక గారూ, ఆ స్క్రూ చేసేది పచ్చి బోరు నీళ్లని కొంచెం కలపడమే. 150 వచ్చింది సరే, ఆ 150లో ఏముంది? మీ బోరులో క్లోరైడ్ ఎక్కువుంటే అది కూడా తగుపాళ్లలో వచ్చేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు బాయిలర్‌కి క్లోరైడ్ శత్రువు, సూదితో పొడిచినట్టు గుంటలు పెడుతుంది. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు వచ్చే ఇంట్లో అయితే ఆ స్క్రూ తిప్పుకోండి, తప్పులేదు. బోరు మీద మాత్రం స్క్రూ పూర్తిగా మూసేసి సోడా పద్ధతికి రండి.

#8 డాలస్_డికాషన్

ఇక్కడ సేల్‌లో ఒక డ్యూయల్ బాయిలర్ మంచి ధరకి ఉంది. వచ్చే నెల విజయవాడ వస్తున్నాను. 120 వోల్టుల మెషీన్‌ని స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి అమ్మావాళ్లింట్లో వాడొచ్చా?

#9 పానా_స్క్రూడ్రైవర్

వద్దు బ్రదర్. సామాను బరువు దండగ.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ దించుతుంది గానీ ఫ్రీక్వెన్సీ మార్చదు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. వైబ్రేషన్ పంపు కరెంటు సైకిల్‌కి ఒకసారి కొట్టుకుంటుంది, అంటే సెకనుకి 60 దెబ్బల బదులు 50. నీళ్ల ధార తగ్గుతుంది, కాయిల్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. రోటరీ పంపు మోటారుదీ అదే గతి. పైగా 1500 వాట్ల మెషీన్‌కి కనీసం 2000 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది గ్యాస్ స్టవ్ పక్కన ఇంకో స్టవ్వంత ఉంటుంది. ఎవరైనా తెలియక నేరుగా 230లో పెట్టారనుకోండి, హీటర్ మీద పడేది సుమారు మూడున్నర రెట్ల పవరు. ఆ తర్వాత మాట్లాడుకోవడానికి హీటర్ ఉండదు.

అందరికీ పనికొచ్చే ఇంకో మాట. 1450 వాట్లు అంటే 230 వోల్టుల మీద 6.3 ఆంపియర్లు. వంటింట్లో మిక్సీకి వాడే 6 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టకండి. గీజర్‌కి, ఏసీకి వాడే 16 ఆంపియర్ల సాకెట్, ఎర్త్ సరిగ్గా ఉన్నది కావాలి.

#10 డాలస్_డికాషన్

అర్థమైంది అన్నా. అయితే పొడి నొక్కే టాంపరు, బాస్కెట్లు మాత్రం తెస్తాను.

#11 పానా_స్క్రూడ్రైవర్

కొలత చూసి తే. డెడికా తరహావి 51 మిల్లీమీటర్లు, బాంబినో 54, గాజియా, సిల్వియా, ఈ61వి 58.

#12 మీగడతరక

బోరునీళ్లబాధ గారూ, మీవి మూడొంతులు పాల కాఫీలే కాబట్టి పొడి కంటే ముందు స్టీమ్ గొట్టం పద్ధతి నేర్చుకోండి. మెషీన్లు పాడయ్యే చోటు కూడా అదే.

పాలలో పెట్టే ముందు రెండు సెకన్లు ఆవిరి వదలండి, గొట్టంలో చేరిన నీళ్లు పోతాయి. పాలు 60, 65 డిగ్రీల దగ్గర ఆపేయండి, గిన్నె అడుగున చెయ్యి ఆనించలేనంత వేడి అన్నమాట. గొట్టం బయటికి తీసిన క్షణమే తడిగుడ్డతో తుడిచి మళ్లీ రెండు సెకన్లు ఆవిరి వదలాలి. కాఫీ తాగొచ్చి తుడుద్దాం అనుకుంటే ఈలోగా పాలు ఇనుములా పట్టేస్తాయి. లోపలి సంగతి ఇంకా ఘోరం. ఆవిరి ఆపగానే గొట్టంలో మిగిలిన ఆవిరి చల్లబడి వాక్యూమ్ ఏర్పడుతుంది, కొన చుట్టూ ఉన్న పాలని లోపలికి పీలుస్తుంది. పాల కాఫీ మెషీన్‌లో పులుపు వాసన వస్తే మూలం ఇక్కడే.

కొన చిల్లులు మూసుకుపోతే కొన మరని విప్పి వేడి నీళ్లలో నానబెట్టి, సూదితో ఒక్కో చిల్లూ పొడవండి. గొట్టాన్నే వేడి నీళ్ల గ్లాసులో ముంచి మెషీన్ ఆర్పేసి వెళ్లిపోకండి. బాయిలర్ చల్లారేకొద్దీ ఆ పాల నీళ్లన్నీ లోపలికి చేరతాయి.

ఫుల్ క్రీమ్ ప్యాకెట్లో 6 శాతం కొవ్వు, టోన్డ్‌లో 3. నురగ నిలబడేది ప్రోటీన్ వల్ల, వెన్న వల్ల కాదు. మొదట్లో టోన్డ్ పాలతో సాధన చేయండి, గొట్టం తుడవడం కూడా తేలిక.

#13 అరకుగింజ

చిన్న సందేహం. ఇంట్లో ఉన్న ఫిల్టర్ కాఫీ పొడి, 70:30 చికోరీ, అయ్యేదాకా ఇందులో వేసేయొచ్చా?

#14 ఓరుగల్లు_క్రెమా

వెయ్యకు తమ్మీ.

#15 తొమ్మిదిబార్లు

ఎందుకో కూడా చెప్పాలి కదా. చికోరీలో నీళ్లలో కరిగే భాగం కాఫీ కంటే చాలా ఎక్కువ. వేడి నీళ్లు తగలగానే కొంత కరిగి బంకవుతుంది, మిగతాది ఉబ్బుతుంది. ఫిల్టర్‌లో డికాషన్ తన బరువు మీద తాను దిగుతుంది కాబట్టి అది బలమే. 9 బార్ల కింద ఆ బంక బాస్కెట్ చిల్లుల్లో, షవర్ స్క్రీన్ (పొడి మీద నీళ్లు చల్లే జల్లెడ బిళ్ళ) వెనక, అక్కణ్ణుంచి వాల్వ్‌లో పట్టుకుంటుంది. ఒకే చిల్లున్న ప్రెషరైజ్డ్ బాస్కెట్ అయితే నాలుగు కాఫీలకే మూసుకోవచ్చు.

చికోరీ లేని పొడి కావాలి. అరకు అరాబికా మీడియం రోస్ట్ బాగుంటుంది. పాలలో రుచి తేలాలంటే 20, 30 శాతం మంచి రోబస్టా కలిపింది చూడండి, ఇటలీ బ్లెండ్లలోకి మన రోబస్టా వెళ్లేది అందుకే. లెక్క: 18 గ్రాముల పొడి, 25 నుంచి 30 సెకన్లు, కప్పులో 36 గ్రాములు. 15 సెకన్లకే వచ్చేస్తే పొడి ఇంకా సన్నగా, 40 దాటితే కొంచెం బరకగా. ఒకసారికి ఒక్కటే మార్చండి.

#16 బోరునీళ్లబాధ

బ్యాక్‌ఫ్లష్ అన్న మాట ప్రతి చోటా వస్తోంది. అన్ని మెషీన్లకీ చేయాలా?

#17 పానా_స్క్రూడ్రైవర్

చేయకూడదు. త్రీవే సోలినాయిడ్ వాల్వ్ (కాఫీ ఆపగానే ఒత్తిడిని ట్రేలోకి వదిలే కరెంటు వాల్వ్) ఉన్నవాటికీ, ఈ61 గ్రూపుకీ మాత్రమే.

బ్యాక్‌ఫ్లష్ అంటే చిల్లుల్లేని బాస్కెట్ పెట్టి నీళ్లని వెనక్కి మళ్లించి గ్రూపు లోపల కడగడం. వాల్వ్ ఉందో లేదో కనుక్కోవడం తేలిక. కాఫీ ఆపగానే "చుస్స్" మని డ్రిప్ ట్రేలోకి నీళ్లు వదిలితే వాల్వ్ ఉన్నట్టు. పొడి మీద మిగిలిన ఒత్తిడి ఆ దారిన పోతుంది, పొడి బిళ్ళ పొడిగా గట్టిగా ఊడి వస్తుంది. ఆ చప్పుడు లేకుండా గ్రూపులోంచి చుక్కలు కారుతూ ఉండిపోతే వాల్వ్ లేదు. అలాంటి దానికి చిల్లుల్లేని బాస్కెట్ పెట్టి పంపు వేస్తే ఆ ఒత్తిడికి పోయే దారి ఉండదు. హ్యాండిల్ తిప్పగానే మరిగే నీళ్లు మొహాన కొడతాయి. వాల్వ్ లేని మెషీన్‌లో మామూలు కాఫీ తర్వాత కూడా 30 సెకన్లు ఆగి హ్యాండిల్ విప్పాలి. మధ్యలో కరెంటు పోయినా అంతే, తొందరపడి తిప్పకండి.

వాల్వ్ ఉంటే పద్ధతి ఇది. మెషీన్ బాగా వేడెక్కాక చిల్లుల్లేని బాస్కెట్ పెట్టి, కాఫీజా లాంటి క్లీనింగ్ పౌడర్ 3 గ్రాములు వేయండి, అర టీస్పూను కంటే కొంచెం ఎక్కువ. పంపు 10 సెకన్లు నడిపి ఆపండి, 10 సెకన్లు ఆగండి. ట్రేలోకి గోధుమ రంగు నురగ వస్తుంది, అదంతా వాల్వ్‌లో పేరుకున్న కాఫీ నూనె. ఇలా ఐదు సార్లు. తర్వాత హ్యాండిల్ తీసి బాస్కెట్ కడిగి, గ్రూపు అంచుని బ్రష్‌తో తోమి, ఉత్త నీళ్లతో మళ్లీ ఐదు నుంచి పది సార్లు, నురగ పూర్తిగా పోయేదాకా. ఆ తర్వాత మొదటి కాఫీ పారబోయండి.

రోజుకి నాలుగు కాఫీలకి పౌడర్‌తో పది పదిహేను రోజులకోసారి చాలు, ఉత్త నీళ్లతో రోజూ చేసినా మంచిదే. గిన్నెల సబ్బు మాత్రం వాడొద్దు, నురగ వాల్వ్‌లోంచి ఓ పట్టాన పోదు. బాస్కెట్లు, స్క్రీన్‌లు అర లీటరు వేడి నీళ్లలో ఒక టీస్పూను అదే పౌడర్ వేసి 20 నిమిషాలు నానబెట్టండి. కర్ర, ప్లాస్టిక్ పిడి ముంచకండి. అల్యూమినియం ముక్కలు అసలే వద్దు, ఆ క్షారానికి నల్లబడిపోతాయి.

#18 ఈ61_మీట

పైన చెప్పినదానికి ఒక చీటీ తగిలిస్తున్నా. ఈ61 గ్రూపుకి పౌడర్‌తో నెలకోసారి మించి వద్దు. లోపల క్యామ్, పిన్నులు గ్రీజు మీద తిరుగుతాయి. పౌడర్ ఆ గ్రీజుని కడిగేస్తుంది, మీట కిర్రుమంటుంది. కిర్రుమంటే ఫుడ్ గ్రేడ్ సిలికాన్ గ్రీజు పెట్టాలి, సైకిల్ షాపు గ్రీజు కాదు.

హీట్ ఎక్స్ఛేంజర్ వాళ్లకి ఇంకోటి. అరగంట ఊరికే నిలబడితే గొట్టంలో నీళ్లు వంద దాటి ఉంటాయి. కాఫీకి ముందు ఖాళీ గ్రూపులోంచి నీళ్లు వదిలి చూడండి, మొదట బుసబుసమని ఎగిరి పడతాయి. ఆ బుస ఆగి ధార నున్నగా దిగేదాకా, 100 మిల్లీలీటర్ల దాకా, వదిలేసి అప్పుడు హ్యాండిల్ బిగించండి. ఈ పని చేయకపోతే కాఫీ చేదుగా, మాడు వాసనతో దిగుతుంది, పాపం గింజని తిడతాం.

#19 అరకుగింజ

వాడేసిన మెషీన్ ఒకటి తీసుకున్నా, 58 మిల్లీమీటర్లు, సింగిల్ బాయిలర్. హ్యాండిల్ మధ్యకి వచ్చి ఆగాలి కదా, ఇది మధ్య దాటి బాగా కుడికి పోతోంది. అయినా అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి. గట్టిగా బిగించేకొద్దీ కాస్త తగ్గుతోంది.

#20 పానా_స్క్రూడ్రైవర్

గాస్కెట్ అయిపోయింది. గట్టిగా బిగించడం ఆపెయ్యి, గ్రూపు చెవులు అరుగుతాయి.

ఆ రబ్బరు రోజూ వేడికి కాలి కాలి బేకలైట్‌లా గట్టిపడుతుంది. గోరుతో నొక్కు, దిగబడకపోతే మార్చాల్సిందే. ఏడాదికోసారి మార్చుకునే వస్తువే అది. ప్లగ్గు తీసి, మెషీన్ చల్లారాక మొదలెట్టు. షవర్ స్క్రీన్ మధ్య మర విప్పి స్క్రీన్ తియ్యి, దాని పైనున్న పళ్లెం కూడా తియ్యి. ఇప్పుడు గాడిలో నల్లటి రింగు కనపడుతుంది. స్క్రూడ్రైవర్‌తో గాడి గోడల్ని గీరకు. చిన్న చెక్క మర ఒకటి రబ్బరులోకే సగం దాకా దించి, ఆ మర తలని కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగు. ముక్కలుగా వస్తుంది, రానీ. గాడిలో పేరుకున్న కాఫీ మడ్డిని నైలాన్ బ్రష్‌తో తోమి తుడిచి, కొత్తది నాలుగు వైపులా సమంగా వేళ్లతో నొక్కు.

కొనేముందు మందం కొలువు. 8, 8.5, 9 మిల్లీమీటర్లలో వస్తాయి. అర మిల్లీమీటరు తేడాకే హ్యాండిల్ ఆగే చోటు మారిపోతుంది. సిలికాన్‌ది దొరికితే అది తీసుకో, అంత త్వరగా గట్టిపడదు.

#21 అరకుగింజ

గాస్కెట్ మార్చా, లీకు పోయింది. అదే ఊపులో నిమ్మ ఉప్పుతో డీస్కేల్ చేశా, అంటే లోపల కట్టిన ఉప్పు కరిగించా. ఇప్పుడు గ్రూపులోంచి చుక్క నీళ్లు లేవు! స్టీమ్ గొట్టంలోంచి మాత్రం నీళ్లు బాగానే వస్తున్నాయి. పంపు కాలిపోయిందా?

#22 పానా_స్క్రూడ్రైవర్

స్టీమ్ గొట్టంలో వస్తున్నాయంటే పంపు బతికే ఉంది. రెండిట్లోనూ రాకపోతేనే పంపు మీద అనుమానం. అప్పుడు కూడా ముందు గాలి పట్టిందేమో చూడాలి, స్టీమ్ మర తెరిచి పంపు 20 సెకన్లు నడిపితే గాలి పోతుంది. నిమిషం దాటి ఎండగా నడపకూడదు.

నీకు జరిగింది మామూలే. పాత యజమాని ఏళ్ల తరబడి కట్టించిన ఉప్పు ఒక్కసారిగా పెచ్చులు ఊడి, వెళ్లి వెళ్లి సోలినాయిడ్ వాల్వ్ సన్న రంధ్రంలో ఇరుక్కుంది. బ్రూ స్విచ్ వేసినప్పుడు "టక్" మని వినపడుతోందా? వినపడకపోతే కాయిలో, స్విచ్చో. వినపడితే అడ్డు పడిందన్నమాట.

ప్లగ్గు పీకు. చల్లారనీ. కాయిల్ పైనున్న నట్టు విప్పి కాయిల్ పైకి లాగు, వైర్లు పీకక్కర్లేదు. కింద ఇత్తడి కాండాన్ని పానాతో విప్పితే లోపల స్ప్రింగు, చిన్న ఇనుప ముక్క, దాని కొనన రబ్బరు బిళ్ళ ఉంటాయి. ఏది ఏ వరసలో వచ్చిందో ఫోన్‌తో ఫొటో తీసుకో, ఓ-రింగు పారేసుకోకు. అడుగున రంధ్రంలో ఇసుక రవ్వల్లాంటి తెల్ల పలుకులు కనపడతాయి. నిమ్మ ఉప్పు నీళ్లలో లోహపు ముక్కలు పది నిమిషాలు ఉంచి, కడిగి, రంధ్రంలోకి ఊది చూసి బిగించు.

#23 నీళ్లపంతులు

అరకుగింజ గారూ, నిమ్మ ఉప్పు ఎంత వేశారు? నీళ్లు వేడివా చల్లవా? బాయిలర్ ఏ లోహం?

#24 అరకుగింజ

నాలుగు చెంచాలు... మరిగించి. బాయిలర్ అల్యూమినియం అనుకుంటా. బూడిద రంగు నీళ్లు వచ్చాయి.

#25 నీళ్లపంతులు

ఆ బూడిద రంగు మీ బాయిలర్దే.

అల్యూమినియానికి లీటరు నీళ్లకి 20 గ్రాములు మించొద్దు, నీళ్లు గది వేడిమీద ఉండాలి, పావుగంటలో బయటికి వచ్చేయాలి. డెలోంగి డబ్బాలో వచ్చేది లాంటి లాక్టిక్ ఆమ్లం మందు అయితే ఇంకా మేలు. ఇత్తడికి, స్టీలుకి 30 గ్రాముల దాకా పోవచ్చు. మరిగించడం ఎవరికీ మంచిది కాదు. వేడి పెరిగేకొద్దీ కాల్షియం సిట్రేటు కరగడం తగ్గుతుంది, కరిగిన ఉప్పు ఇంకో రూపంలో లోపలే పేరుకుంటుంది. ఆమ్లం అయ్యాక కనీసం రెండు ట్యాంకుల మంచినీళ్లు పోవాలి, గ్రూపులోంచి సగం, స్టీమ్ గొట్టంలోంచి సగం. క్రోమ్ పూత మీద చుక్క పడితే వెంటనే తుడవండి. వెనిగర్ వద్దు, వాసన వారమైనా వదలదు.

హీట్ ఎక్స్ఛేంజర్, డ్యూయల్ బాయిలర్ వాళ్లు ఇంట్లో ఈ పనికి దిగకండి. బాయిలర్ పెద్దది, ఊడిన పెచ్చులు ఏ గొట్టంలో చేరతాయో తెలీదు. వాళ్లకి సోడా నీళ్లే రక్ష.

#26 ఓరుగల్లు_క్రెమా

బటన్ నొక్కితె గింజల్నుంచి కప్పు దాక అన్ని అదే చేసుకునే మెషీన్ల గురించి ఎవ్వరు చెప్పలే. ఫిలిప్స్, డెలోంగి వాటిల్ల బ్రూ గ్రూప్ బయటికొస్తది. వారానికొకసారి నల్లా కింద కడుగున్రి, సబ్బు పెట్టొద్దు, గ్రీజు పోతది. ఆరినంకనే లోపల పెట్టున్రి. వానకాలం రెండు దినాలు వాడకుంటె పిప్పి డబ్బాల బూజు పడ్తది, ఎప్పటికప్పుడు పారబొయ్యాలె. యూరా వాటిల్ల గ్రూప్ చేతికి రాదు, ట్యాబ్లెట్ వేసుడే. నూనె తేలిన నల్లటి గింజలు ఏ దాంట్ల గూడ పొయ్యొద్దు, గ్రైండర్ల జిడ్డు పట్టి గింజ కిందికి దిగదు.

ఇంకో ముచ్చట, నవ్వకున్రి. మెషీన్ వెనక వెచ్చగ ఉంటది, చీకటి ఉంటది, బొద్దింకలకు మస్తు ఇష్టం. సర్క్యూట్ బోర్డు మీదికి ఎక్కినయంటె షార్టే. గోడకు ఆనించి పెట్టకున్రి, కింద కాఫీ పొడి రాలకుంట చూసుకోన్రి.

#27 అరకుగింజ

వాల్వ్ విప్పా. అడుగున ఆవగింజంత తెల్ల పలుకు. నీళ్లు వస్తున్నాయి, ఆపగానే చుస్స్ కూడా అంటోంది.

#28 బోరునీళ్లబాధ

అరకుగింజ గారి పుణ్యమా అని సగం పాఠం ముందే అయిపోయింది. వరసగా మూడు పాల కాఫీలు కాబట్టి హీట్ ఎక్స్ఛేంజర్ వైపే మొగ్గుతున్నా. సోడా సీసా ఇవాళే కలిపేశా. చివరి ప్రశ్న: వేసవిలో నెల రోజులు ఊరెళ్తాం. మెషీన్‌ని ఎలా వదిలి వెళ్లాలి?

#29 ఈ61_మీట

వెళ్లే ముందు రోజు పౌడర్‌తో బ్యాక్‌ఫ్లష్ చేసి, స్టీమ్ గొట్టం కొన విప్పి కడిగి బిగించండి. ట్యాంకు ఖాళీ చేసి బోర్లించండి, డ్రిప్ ట్రే ఆరబెట్టండి. హ్యాండిల్ గ్రూపులో బిగించి వదలకండి, నెల రోజులు నలిగితే గాస్కెట్ అచ్చు పడుతుంది. ప్లగ్గు పీకేయండి.

తిరిగొచ్చాక కొత్త సోడా నీళ్లు పోసి, మెషీన్ ఆన్ చేసే ముందు ట్యాంకు గొట్టం కొన నీళ్లలో మునిగిందో లేదో చూడండి. వేడెక్కాక గ్రూపులోంచి అర లీటరు వదలండి. ఆవిరి బాయిలర్‌లో నెల నాటి నీళ్లు ఉంటాయి కాబట్టి వేడి నీళ్ల గొట్టంలోంచి రెండు మూడు గ్లాసులు తీసి పారబోసి, అది మళ్లీ నిండేదాకా ఆగండి. పంపు నింపుతున్న చప్పుడు నిమిషం దాటినా ఆగకపోతే స్విచ్ ఆపి, ముందు ట్యాంకు చూడండి.